మగ్రిబ్ తర్వాతి మ్యాచ్

బహ్రెయిన్‌లో ఫుట్‌బాల్ లీగ్‌ని కొన్నేళ్ళపాటు నేనే నడిపాను. ఏ జట్టు ఏ రోజు ఎవరితో ఆడాలి, ఏ మైదానంలో ఆడాలి, టీవీ వాళ్ళ వ్యాను ఏ గేటు దగ్గర ఆగాలి, అన్నీ నా చేతుల మీదుగానే జరిగేవి. సూర్యుడు కూడా నన్ను ఒక మాట అడిగే అస్తమించేవాడంటే మీరు నమ్మరు. మా జిదాఫ్స్ ఫ్లాటుకి చాయ్ తాగడానికి వచ్చే తెలుగువాళ్ళలో ఒకరిద్దరు మాత్రం నమ్మారు.

నమ్మనిది మా ఆవిడ. "లీగ్ నడిపేవారు ఆ గ్యాస్ బండని కూడా కాస్త వంటింట్లోకి నడిపించండి, చూద్దాం" అనేది, వచ్చినవాళ్ళ ముందే.

సరే, తగ్గిస్తాను. మ్యాచ్‌ల పట్టిక తయారుచేసే ఆఫీసులో నేను పనిచేశాను. ఇంకా తగ్గించమంటే, పట్టిక తయారుచేసేది మా బహ్రెయినీ సారు. నేను దాన్ని టైపు కొట్టి క్లబ్బులకి ఫ్యాక్స్ పంపేవాణ్ణి. మెషీన్‌లో కాగితం ఇరుక్కుంటే లాగేవాణ్ణి. ఇంతకన్నా తగ్గిస్తే నేనంటూ ఏమీ మిగలను కాబట్టి ఇక్కడితో ఆపుదాం.

కాగితం లాగేవాడికైనా ఆ పనిలో ఎంత గొప్పతనం ఉందో తెలుసుకునే తీరిక ఉంటుంది. మ్యాచ్ ఎప్పుడు పెట్టాలన్నది బయటివాళ్ళకి చాలా తేలిక. రెండు జట్లు, ఒక బంతి, ఈల ఊదే మనిషి ఉంటే చాలనుకుంటారు. కానీ గ్యాలరీలో కూర్చునేవాడు ఎండ తగ్గాక రమ్మంటాడు. టీవీ ముందు కూర్చునేవాడు ఇంకెక్కడా మంచి ఆట లేనప్పుడు చూస్తానంటాడు. అంటే, ఎప్పుడూ చూడడన్నమాట. వీళ్ళిద్దరి మధ్యలో అజాన్ ఉంటుంది. సాయంత్రపు నమాజు, మగ్రిబ్, రోజుకింత చొప్పున ముందుకో వెనక్కో జరుగుతూ పోతుంది. మా సారు గోడగడియారం చూసి మ్యాచ్ పెట్టేవాడు కాదు. మగ్రిబ్‌కి ముందా, తర్వాతా అన్నదే ఆయన లెక్క. టీవీ వాళ్ళకేమో అంకె కావాలి. ఆయన ఆకాశం చూసి చెప్పిన మాటని అంకెగా మార్చి టైపు కొట్టడం నా విద్వత్తు.

స్టేడియం కిటకిటలాడేదని రాయాలని నా చెయ్యి లాగుతోంది. లాగనివ్వను. పెద్ద జట్లు ఆడితే నిండేది, నిజమే. మిగతా రోజుల్లో ఒక డప్పుల బృందం, గింజలు కొరుక్కుంటూ కూర్చునే కొందరు పెద్దమనుషులు, మెట్ల కింద పిల్లులు. ఆ ఉన్నవాళ్ళనే బతిమాలి కెమెరాకి ఎదురుగా ఉన్న వైపు కూర్చోబెట్టేవాళ్ళం. టీవీలో చూసినవాడికి జనం పోటెత్తినట్టు ఉండేది. కెమెరా వెనక వైపు గ్యాలరీలో ఎవరైనా బట్టలు ఆరేసుకున్నా ప్రపంచానికి తెలిసేది కాదు.

ఇక అసలు సంగతి.

అప్పటికి సెలవులు గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకి మారిపోయాయి. శుక్రవారం పొద్దున మా తెలుగు ఫెలోషిప్ కూడిక. ఒక శుక్రవారం ప్రార్థన అయ్యాక అందరం అన్నం ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉంటే, జగిత్యాల వైపు మనిషి ఒకతను నా పక్కకి వచ్చాడు. అమ్వాజ్‌లో పెద్ద పెద్ద అపార్టుమెంట్లకి మరమ్మతులు చేసే కంపెనీలో పని. కొన్ని నెలల కిందట ఏసీ బాగుచేస్తూ నిచ్చెన మీంచి పడి కాలు విరిగింది. కట్టు కట్టారు, విప్పారు, అతుక్కుంది, మళ్ళీ డ్యూటీకి పోతున్నాడు. ఇదంతా మాకు తెలిసిందే. అతని కాలు కోసం ఫెలోషిప్ మొత్తం ప్రార్థన చేసింది.

"వందనాలు సారూ. మ్యాచులు మీరే పెడ్తరట గదా?"

కాదని చెప్పడానికి అంతకన్నా మంచి సందు నాకు జన్మలో దొరకలేదు. "ఆఁ, ఏదో మనమే చూస్తూ ఉంటాంలే" అన్నాను.

"అయితె నన్ను ఒక్కసారి టీవీల నడిపియ్యిండ్రి సారూ."

"టీవీలో నడవడం ఏంటయ్యా?"

"మా ఇంటిది నాకు కాల్లేదంటుంది."

విషయం ఇదీ. అతని ఊరివాడే ఒకడు సెలవు మీద ఇంటికి పోయి, బస్సు దిగీ దిగకముందే, 'దుబాయిల వానికి కాలు తీసేసిండ్రు' అని చెప్పేశాడు. వాడి దృష్టిలో బహ్రెయిన్ కూడా దుబాయే, కట్టు కట్టడం కూడా తీసెయ్యడమే. ఆ మాట ఇల్లిల్లూ తిరిగి ఈయన భార్యకి చేరింది. ఈయన ఫోన్‌లో నా కాలు ఉందంటాడు. ఆమె, ఉన్నవాడివి అంత గట్టిగా ఎందుకు చెప్తున్నావంటుంది.

"ఫోటో పంపకపోయావా?"

"పంపిన సారూ. కుర్సీల కూసున్నది పంపితె, కూసున్నోని ఫోటో నాకెందుకు అన్నది. నిలవడ్డది పంపితె, ఇది పాత ఫోటో, నీ ఒంటి మీదున్న అంగి నేను కుట్టిచ్చిందే అన్నది. అంగి ఆమె కుట్టిచ్చిందే సారూ! నాకున్నయే గవ్వి, ఏం జెయ్యాలె?"

"ఒకసారి ఇంటికి పోయి రారాదూ?"

"రంజాన్ ఎల్లినంక పంపుతా అన్నడు మా కఫీలు సేటు. మా బామ్మర్దులు గంత దాక ఆగుతరా? ఈ ఐతారం గాక వచ్చే ఐతారమే వస్తున్నరు. కాల్లేనోడు అబద్దాలు జెప్పుకుంట ఆడ కూసున్నడు, నువ్వీడ ఎవని కోసం కూసున్నవ్, పా మా ఇంటికి అని తోల్కపోతరట. పిల్లను గూడ."

"మరి ఆవిడేమంటుంది?"

"నువ్వు తిరుగుతుంటె నా కండ్లతోని చూస్తె ఉంట, లేకపోతె పోత అన్నది." చేతిలో ప్లేటు అట్లాగే ఉంది, అన్నం ముట్టుకోలేదు. "మా చిన్నాయిన కొడుకు ఊర్ల కేబుల్ నడుపుతడు సారూ. పెద్ద డిష్షుంది. అరబ్బోళ్ళ ఛానలొకటి ఊకెనే వస్తది, ఎవలు చూడరు. గండ్లనే మీ మ్యాచులు వస్తయట."

జేబులో సినిమా హాలు పెట్టుకుని మొహాలు చూపించుకునే రోజులు కావవి. వాళ్ళ మండలంలో కంప్యూటర్ షాపు ఒకటి ఉందట గానీ, కంప్యూటర్‌లో కాళ్ళు ఎవరికైనా పెడతారని ఆవిడ ముందే అనేసింది. అరబ్బుల ఛానల్ అయితే అబద్ధమాడదు. వాళ్ళకి ఈయనెవరో తెలియదు కదా.

గ్యాలరీలో ముందు వరసలో కూర్చోబెట్టి, గోల్ పడినప్పుడు లేచి గంతెయ్యమని చెప్పాలన్నది నా పథకం. దారి పొడుగునా మా ఆవిడకి వివరించాను.

"గోల్ పడకపోతేనో?" అంది.

"పడుతుంది."

"పడినా, నడుం పైనే కదండీ కనపడేది. ముందు వరస కటకటాలు అడ్డం. ఎవరైనా కిందపడితే మంచం పట్టుకుని పరిగెత్తేవాళ్ళుంటారు చూడండి, వాళ్ళలో పెట్టండి."

స్ట్రెచర్ ఆలోచన నాదేనని తర్వాత ఫెలోషిప్‌లో చాలామందికి చెప్పాను. ఆవిడ పక్కనే ఉండి నవ్వుతూ ఉండేది, కాబట్టి వాళ్ళకి నిజం తెలిసిపోయే ఉంటుంది.

ఆదివారం ఆఫీసు తెరవగానే మా సారుతో మాట్లాడాను. సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ ఆయనది. నాది రైల్వే స్టేషన్లలో నేర్చుకున్నది. ఇద్దరం బాగానే కలిసేవాళ్ళం.

"కాలు పోయినవాణ్ణి స్ట్రెచర్ మీద పడుకోబెడతారు గానీ, వాడితో స్ట్రెచర్ మోయిస్తారా?" అన్నాడు.

"పోలేదు సార్. పోయిందని ఊళ్ళో అనుకుంటున్నారు."

"ఎవరు?"

"పెళ్ళాం."

ఆయన చాలాసేపు నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు. "పెళ్ళాం అనుకుంటే పోయినట్టే. యల్లా, తీసుకురా."

అంతటితో అయిపోతే నేను ఇది రాసేవాణ్ణే కాదు. వారం మధ్యలో టీవీ కుర్రాయన వచ్చాడు. తలలో నూనె, తల మీద నల్లకళ్ళద్దాలు. 'మా ప్రేక్షకులు' అనకుండా మాట మొదలుపెట్టడు. శనివారం సాయంత్రం ఇంగ్లండులో ఏదో పెద్ద మ్యాచ్ ఉందట, కాఫీ హోటళ్ళన్నీ దానికే అతుక్కుపోతాయట. అందుకని మన మ్యాచ్‌ని మధ్యాహ్నానికి జరిపి, మగ్రిబ్ లోపల ముగించాలట.

మన దేశం గడియారం బహ్రెయిన్‌కన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. ఆ ఎండాకాలం వాళ్ళ ఊళ్ళో దీపాలు పెట్టే వేళ నుంచి తొమ్మిది దాకా కరెంటు కోత. మధ్యాహ్నం మ్యాచ్ అయితే సగానికి పైగా ఆ చీకట్లో కొట్టుకుపోతుంది. మగ్రిబ్ తర్వాత మొదలైతేనే అక్కడ టీవీ వెలిగేది. ఆసియా ఖండంలో ఎన్నో లీగ్‌లు ఎందరి మాటో విని మ్యాచ్‌లు జరిపి ఉంటాయి. జగిత్యాల వైపు సబ్‌స్టేషన్‌ని అడగాల్సిన అవసరం మాత్రం మాకే వచ్చింది.

అప్పుడు నేను లేచి, బల్ల గుద్ది, "ఒక ఆడబిడ్డ కాపురం ఈ మ్యాచ్ మీద ఆధారపడి ఉంది!" అన్నాను.

అనలేదు. దగ్గాను. మా సారు నా వైపు తిరిగి, "శనివారం మగ్రిబ్ ఎప్పుడు?" అని అడిగాడు. చెప్పాను. ఆ సమావేశంలో నా పాత్ర అంతే.

"నువ్వు చెప్పే టైముకి పెడితే చివర్లో అజాన్ పడుతుంది" అన్నాడాయన టీవీ కుర్రాయనతో.

"ఇంకా ముందు మొదలుపెడదాం."

"ఆ ఎండలో ఆటగాళ్ళు నిజంగానే పడిపోతారు."

స్ట్రెచర్ మోసేవాడికి అంతకన్నా మంచి రోజు ఉండదు, కానీ చూడడానికి అక్కడ కరెంటు ఉండదు. గొంతుదాకా వచ్చిన ఆ మాటని మింగేశాను.

"ఖలాస్. మగ్రిబ్ తర్వాతే."

"అప్పుడు మమ్మల్ని ఎవరు చూస్తారు?" అన్నాడు టీవీ కుర్రాయన, రెండు చేతులూ చాపి.

"ఇప్పుడు ఎవరు చూస్తున్నారు?" అన్నాడు మా సారు.

ఆ శుక్రవారం ఫెలోషిప్‌లో, మ్యాచ్ టైముని టీవీ వాళ్ళ మెడలు వంచి నేనే మార్పించానని చెప్పాను. మార్చింది సూర్యాస్తమయం. దాని తరఫున మాట్లాడేవాళ్ళెవరూ లేకపోవడంతో ఆ ఖ్యాతి నాకు దక్కింది.

శనివారం వచ్చింది. మనవాడు మధ్యాహ్నం డ్యూటీ అవగానే పరిగెత్తుకొచ్చాడు. వాడికి పచ్చ జాకెట్ తొడిగారు. రెండో కొన పట్టుకునే అతను బంగ్లాదేశ్ మనిషి, అనుభవజ్ఞుడు. "భాయ్, జల్దీ మత్ కరో, పడినవాళ్ళలో సగం మంది వాళ్ళే లేస్తారు" అని సలహా ఇచ్చాడు. మనవాడికి ఆ మాట అస్సలు నచ్చలేదు.

కేబుల్ తమ్ముడితో ఒప్పందం ముందే చేసుకున్నాం. కరెంటు రాగానే నా ఫోన్‌కి మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఆట మొదలైన కాసేపటికి ఫోన్ ఒకసారి మోగి ఆగింది. నేను మైదానం గీత పక్కన నిలబడి మనవాడికి బొటనవేలు చూపించాను. వాడు అప్పటి నుంచి స్ట్రెచర్ కర్రలు వదల్లేదు.

ఇక మా ఆటగాళ్ళ గురించి చెప్పాలి. మామూలు రోజుల్లో గాలి గట్టిగా వీస్తే పడిపోయే మనుషులు. అవతలివాడు చొక్కా వైపు చూస్తే చాలు, మోకాలు పట్టుకుని ఏడు చుట్లు దొర్లుతారు. ఆ రోజు ఏం పూనిందో, అందరూ ఉక్కు మనుషులైపోయారు. గుద్దుకున్నారు, క్షమాపణలు చెప్పుకున్నారు, ఒకరినొకరు చెయ్యిచ్చి లేపుకున్నారు. అంతటి మర్యాదని నేను మా చుట్టాల పెళ్ళిళ్ళలో కూడా చూడలేదు. సగం ఆట అయిపోయింది. స్ట్రెచర్ మీద దుమ్ము తప్ప ఏమీ పడలేదు.

విరామంలో వాడు నా దగ్గరికి వచ్చాడు. "సారూ, గీళ్ళు పడరా?"

"పడతారయ్యా."

"మా బామ్మర్దులు గూడ ఇయ్యాల్నే వచ్చి కూసున్నరట. ఇగ పడకపోతె రేపు పొద్దుగాల ఆళ్ళు బయలెల్లుతరు సారూ." మైదానం వైపు చూశాడు. "జెర ఎవలికన్న జెప్పుండ్రి."

'చెప్తాను' అనబోయాను. అలవాటు కదా. కానీ వాడి మొహం చూశాక ఆ మాట బయటికి రాలేదు. "నా చేతిలో లేదయ్యా" అన్నాను. వాడు నా వైపు ఒకసారి చూసి, తల ఊపి, తన చోటికి పోయాడు.

రెండో సగంలో ఒక జట్టు గోల్ కొట్టింది. అంతే. గెలుస్తున్న జట్టుకి కాలం గడపడం అనే పెద్ద పని పడింది. వాళ్ళ డిఫెండర్ ఒకాయన, దగ్గర్లో ఎవరూ లేని చోట, పిడుగు పడ్డట్టు కూలిపోయి కాలు పట్టుకున్నాడు. అంత పచ్చి నటనకి నేను చేతులెత్తి దండం పెట్టిన రోజు అదొక్కటే.

రిఫరీ చెయ్యి సగం లేచిందో లేదో, మనవాడు పరుగందుకున్నాడు. వెనక కొన పట్టుకున్న బంగ్లాదేశ్ అనుభవజ్ఞుడు గాలిపటం తోకలాగా ఈడ్చుకుపోతున్నాడు. డిఫెండర్ దగ్గరికి చేరాడు, స్ట్రెచర్ దించాడు. పడినవాడి వంక చూడనైనా చూడలేదు. కెమెరా ఎక్కడుందో వెతుక్కుని, దానికి ఎదురుగా నిలబడ్డాడు. వంగి ఒక ప్యాంటు కాలు మోకాలి పైదాకా మడిచాడు. తర్వాత రెండోది మడిచాడు. నాట్లు వెయ్యడానికి మడిలోకి దిగేవాడిలాగా నిలబడి, ఒక కాలెత్తి నేలని గట్టిగా తన్ని చూపించాడు. రెండో కాలెత్తి అదీ తన్నాడు.

కింద పడుకున్న డిఫెండర్ ఏడుపు మర్చిపోయి చూస్తున్నాడు.

టీవీ కుర్రాయన హెడ్‌ఫోన్ పీకేసి నా మీదికి వచ్చాడు. "ఎవడు వాడు? ఏం చేస్తున్నాడు?"

"గాయాన్ని ఆటగాడికి వివరిస్తున్నాడు" అన్నాను.

టీవీ వాళ్ళు ఆ దృశ్యాన్ని కట్ చేయబోయి, చూపించడానికి ఇంకేమీ లేక, దాన్నే ఇంకోసారి వేశారు. నెమ్మదిగా. ఆ రాత్రి గోల్‌ని కూడా అంత నెమ్మదిగా వెయ్యలేదు. ఆ తర్వాత ఆట ముగిసేదాకా వాళ్ళు పడుతూనే ఉన్నారు, మనవాడు పరిగెడుతూనే ఉన్నాడు. ఒకసారి ఎవరూ పడకముందే బయల్దేరితే రిఫరీ ఈల ఊది వెనక్కి పంపాడు.

"రెండు కాళ్ళెందుకయ్యా?" అని అడిగాను, వాడు జాకెట్ విప్పుతుంటే.

"ఏ కాలు పోయిందని జెప్పిండో ఆడు, నాకేం తెలుసు సారూ. ఒకటే చూపెడితె రెండోది లేదంటరు."

ఆ రాత్రి ఊరికి ఫోన్ కలవలేదు. మర్నాడు, ఆదివారం, డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడ చాయ్ పెట్టి ముందుంచింది. తాగలేదు. నా ఫోన్‌లోంచి కలిపి, మాట అందరికీ వినపడేట్టు స్పీకర్ పెట్టాం.

అటునుంచి ఆడమనిషి గొంతు వినపడింది.

"చూసినం."

"కనవడ్డయా?"

"కనవడ్డయ్, రెండు. ఎడమ మోకాలు కింద గా మచ్చ మన లగ్గానికి ముందుదే. ఇగ నీదే కాలు."

వాడు నేల చూస్తున్నాడు. మా ఆవిడ వంటింట్లోకి పోయి, అక్కడ ఏ పనీ లేక నిలబడింది.

"మీ తమ్ముండ్లు?" అని అడిగాడు చివరికి.

"కోడిని కోసిన, తిన్నరు, పొయ్యిండ్రు. గా బస్సు దిగి జెప్పినోని ఇంటి ముందట ఆగి నాలుగు తిట్టి మరీ పొయ్యిండ్రు."

"నువ్వు?"

"నేనేడికి పోత? ఈడనే ఉన్న." గొంతు ఒక్కసారిగా మారింది. "గది సరె గని, గా కింద పడ్డ పిలగానికి ఎట్లున్నది? గట్ల మొత్తుకుంటుంటె ఆని దిక్కు సూడకుంట నీ కాళ్ళు చూపెట్టుకుంట నిలవడితివి. ఆని తల్లి ఎంత గోస పడ్తుందో!"

"ఆనికేం గాలె."

"ఏం గాకపోతె మంచమెందుకు తెచ్చిండ్రు? మళ్ళ అబద్దాలు జెప్తున్నవ్."

వాడు నా వైపు చూశాడు, ఈ లీగ్ సంగతులు తెలిసిన పెద్దమనిషిగా ఒక మాట చెప్పమన్నట్టు. ఆటలో టైము గడపడం కోసం దెబ్బ తగలకుండానే పడతారమ్మా అని నేను ఫోన్‌లోకి వంగి వివరించాను. బహ్రెయిన్‌లో నేను చెప్పినవాటిలో అంతటి నిజం మరొకటి లేదు. ఆవిడ అంతా విని, ఒక్క ముక్క కూడా నమ్మలేదు.

"పెద్దమనుషులు గూడ గిట్లనే మాట్లాడ్తరు" అంది. "ఆణ్ణి పొయ్యి చూసి రా. పండ్లు పట్టుకపో. గింత ఉరికినోనివి, గింత దూరం నడువలేవా?"

"పోత" అన్నాడు వాడు, అప్పుడు చాయ్ అందుకుని.